కొలిమివాళ్ళ కుడిచెయ్యి

ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదని మా అన్నయ్య చిన్నప్పటినుంచీ అంటూ వచ్చాడు. చివరికి నేను చేరింది సరిగ్గా అలాంటి ఉద్యోగంలోనే. రోజుకు ఆరుగురు మనుషులు, మనిషికి పావుగంట మౌనం. ఆ పావుగంటా నేను మాట్లాడకూడదు, మంచం మీద పడుకున్నవాళ్ళు మాట్లాడకూడదు, తలుపు కూడా కిర్రుమనకూడదు. ఇంటికెళ్ళాక ఆ కసి అంతా మా ఆయన మీద తీర్చుకుంటాను.

పని ఇదీ. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి పక్కనున్న చెక్కమీదికి చాపిస్తాను. మోచేతికి కింద బీపీ చూసే పట్టీ లాంటిది కడతాను. మోచేతికి పైన చల్లటి జెల్ రాసి స్కానింగ్ ప్రోబు ఆనిస్తాను. కడుపులో బిడ్డను చూస్తారే, ఆ స్కానింగే. తెరమీద చేతి రక్తనాళం రెండు తెల్లగీతల మధ్య నల్లటి బాటలా కనిపిస్తుంది. దాని వెడల్పు కొలుస్తాను. తర్వాత పట్టీలోకి గాలి ఎక్కించి, ఐదు నిమిషాలు ముంజేతికి రక్తం పోకుండా ఆపేస్తాను. చెయ్యి తిమ్మిరెక్కుతుంది, జనం నావైపు గుర్రుగా చూస్తారు, నేను చూడనట్టు ఊరుకుంటాను. గాలి వదలగానే ఆగిన రక్తం ఒక్కసారిగా పరుగెడుతుంది. లోపలి పొర ఆరోగ్యంగా ఉన్న నాళం ఆ ఉరవడికి నిమిషంలోనే వెడల్పవుతుంది. పొర మొద్దుబారిన నాళం ఉలకదు, పలకదు. ఎంత శాతం వెడల్పయిందన్నదే మా లెక్క. సూది లేదు, కోత లేదు, చుక్క రక్తం తియ్యం. చేతిలో నాళం మొండికేసిందంటే గుండె నాళాలు కూడా అదే దారి పట్టి ఉండొచ్చు. ఛాతీలో నొప్పి రావడానికి ఏళ్ళ ముందే ఆ సంగతి ఇక్కడ బయటపడుతుంది.

ఇందులో యంత్రం వంతు సగమే, మిగతా సగం చేతిది. ప్రోబు వెంట్రుకవాసి పక్కకు జరిగినా నాళం అసలుకంటే సన్నగా కనిపిస్తుంది, లెక్క తలకిందులవుతుంది. నా చెయ్యి జరగదు. పదకొండేళ్ళలో నేను తీసిన బొమ్మ బాగోలేదని ఎవరూ వెనక్కి పంపలేదు. సొంత డబ్బా కొట్టుకుంటోందని మీరనుకున్నా ఫరవాలేదు. ఆ డబ్బా వల్లే నేను బోర్లా పడ్డాను, అది చెప్పడానికే ఇదంతా.

మాది పనిముట్లు చేసే ఫ్యాక్టరీలో ఉన్న ఆస్పత్రి. ఆస్పత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. మందుల గది, డాక్టరుగారి గది, నా గది, వరండాలో ఒక బెంచీ. డాక్టరుగారు నాకంటే నాలుగేళ్ళు చిన్న, మాటలు బహు తక్కువ. వెనకాల అందరూ ఆవిణ్ణి కొలబద్ద అంటారు. నా గదిలో వేడి ఇరవైరెండు డిగ్రీలు దాటితే తన గదిలో కూర్చునే కనిపెట్టేస్తారు. మంచం ఎక్కడ ఉండాలో నేలమీద రంగుతో గీత గీయించారు. మంచానికి ఎడమవైపు గోడ, కుడివైపు యంత్రం. అందరికీ కుడిచెయ్యే కొలవాలని పద్ధతి రాసిపెట్టింది కూడా ఆవిడే. మంచి మనిషి, కాకపోతే ఆ మంచితనం కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నలభై దాటిన కార్మికులందరికీ ఈ పరీక్ష జరగాలని ఆవిడ పైవాళ్ళతో పోట్లాడి ఒప్పించారు. ఐదు శాతం కంటే తక్కువ వచ్చినవాళ్ళని వేడి దగ్గర, బరువు పని దగ్గర ఉంచకూడదన్న నియమం కూడా పెట్టించారు. యంత్రాల షెడ్డు, రంగుల గది, గోదాము, ఆఫీసు వరసగా అయిపోయాయి. వందకు పదిమందో పన్నెండుమందో ఆ ఐదు శాతం గీత కింద వచ్చారు. వాళ్ళకు మందులు, సలహాలు, తేలికపాటి పనులు ఏర్పాటయ్యాయి. అంతా సవ్యంగా నడుస్తుండగా కొలిమివాళ్ళ వంతు వచ్చింది.

మా ఫ్యాక్టరీలో సరుకంతా యంత్రాల మీదే తయారవుతుంది, ఒక్క ఉలులూ చెక్కడపు కత్తులూ తప్ప. వాటిని ఇప్పటికీ చేత్తోనే సాగగొడతారు. కాలిన ఉక్కును పెట్టి కొట్టే ఇనప దిమ్మలు, దాగళ్ళు తొమ్మిది, మనుషులు తొమ్మిదిమంది. ఒక చేత్తో పట్టకారు, ఇంకో చేత్తో రెండు కిలోల సుత్తి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. వాళ్ళ మేస్త్రీ మా అన్నయ్య. అంతకుముందు మా నాన్న. నాన్న యాభైమూడో ఏట ఆ కొలిమిలోనే, గుండె మీద చెయ్యి వేసుకుని కూలబడిపోయాడు, నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. అప్పుడు అన్నయ్యకి ఇరవై ఏళ్ళు. వారం తిరక్కుండా అదే దాగలి ముందు నిలబడ్డాడు. ఇప్పుడు అన్నయ్యకి యాభైరెండు నిండాయి. మా ఇంట్లో ఎవరూ పైకి అనరుగానీ అందరమూ లెక్కపెడుతూనే ఉన్నాం.

ఖాళీ కడుపుతో రావాలని, టీ తాగకూడదని, పొగ తాగకూడదని ముందురోజే చెప్పి పంపాను. ఈ మూడూ లేకుండా తను బతికే ఉన్నాడో లేదో ముందు అది చూడమన్నాడు వసపిట్ట. తొమ్మిదిమందిలోకీ చిన్నవాడతను, నలభైరెండేళ్ళు, సుత్తి ఆగినా అతని నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. అతనికి గుండె ఉందంటే ఇంట్లో ఆవిడ ఒప్పుకోదట, కాగితం మీద రాసిస్తే తీసుకెళ్ళి చూపిస్తాడట. అతన్ని ఐదు నిమిషాలు నోరు మూయించడానికి నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

కానీ కొలిమివాళ్ళని కొలిచిన మూడు రోజులూ నేను ముచ్చటపడి చేసిన పని అది. వాళ్ళ నాళాలు తెరమీద ఎంత బాగా కనపడ్డాయో చెప్పలేను. వెడల్పుగా, గీత గీసినట్టు, వెతుక్కునే పనే లేకుండా. ఆఫీసు గుమాస్తాల చేతుల్లో నాళం దొరకబుచ్చుకోవడానికి నేను తంటాలు పడేదాన్ని. వీళ్ళ దగ్గర ప్రోబు ఆనిస్తే చాలు. ఎందుకలా ఉన్నాయని నన్ను నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. నా చెయ్యి గొప్పదనమే అనుకున్నాను.

అన్నయ్య మూడోరోజు వచ్చాడు. పట్టీ బిగిశాక పైకప్పు వైపు చూస్తూ, నోరు మూసుకుంటే నువ్విలా ఉంటావా అన్నాడు. నేను కళ్ళెర్రజేశాను. గాలి వదిలాను, నిమిషం పాటు చూశాను, కొలిచాను. మూడు పాయింట్ ఏడు. తెరమీద కొలత గీతలు జరిపి మళ్ళీ కొలిచాను. మూడు పాయింట్ ఏడే. రాశాను. అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎంతొచ్చిందని అడిగాడు. డాక్టరుగారు చెబుతారన్నాను. నా ముఖం చదవడం వాడికి కొత్తకాదు.

తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది గీత కింద వచ్చారు. అంతకుముందు వాళ్ళకు తీసిన ఈసీజీలు, కొవ్వు, చక్కెర లెక్కలు అన్నీ బాగానే ఉన్నాయి. అయినా అవి చూసి ఎవరూ ఆగి ఆలోచించలేదు, ఎందుకంటే మిగతా పరీక్షలకు అందనిది ముందే పట్టుకోవడమే మా పరీక్ష గొప్ప. కొలిమి వేడి, పొగ కలిసి నాళాలను పాడుచేశాయని డాక్టరుగారు నిర్ణయానికొచ్చారు. మా నాన్న సంగతి కూడా ఆవిడకు తెలుసు. నియమం ప్రకారం ఎనిమిదిమందినీ ఉలులు పెట్టెల్లో సర్దే గదికి పంపించారు. కొలిమిలో మిగిలింది, అందరూ పుర్రచేతాయన అని పిలిచే మనిషి ఒక్కడే. ఆయనకు ఏడున్నర శాతం వచ్చింది.

అన్నయ్య ఎదురు చెప్పలేదు. అదే నన్ను కోసేసింది. ఉలి అంచు బాగోలేదని జనరల్ మేనేజర్ బల్లమీదికి విసిరికొట్టిన మనిషి, చెల్లెలు ఒక అంకె రాస్తే తల వంచుకుని వెళ్ళి అట్టపెట్టెల ముందు కూర్చున్నాడు. వారం తిరిగేసరికి మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆయాసం వచ్చి కాదు, ఆగాలేమోనని. నీళ్ళ బకెట్ వదిన చేతిలోంచి తీసుకునేవాడు, ఇప్పుడు బకెట్ వైపు చూసి పక్కకు తప్పుకుంటున్నాడు. నడుస్తూ నడుస్తూ రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టుకుని నాడి చూసుకుంటున్నాడు. భోజనం దగ్గర నాన్న ఊసు ఎత్తని మనిషి, నాన్నకి ముందురోజు ఏమైనా తెలిసి ఉంటుందా అని రెండుసార్లు అడిగాడట. మా అన్నయ్యని రోగం ఏం చేసిందో నాకు తెలియదుగానీ, నా అంకె మాత్రం ఇరవై రోజుల్లో ముసలివాణ్ణి చేసింది.

ఒక ఆదివారం వదిన మా ఇంటికి వచ్చింది. వంటగది గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"వదినా, నీ చెయ్యి ఒక్కసారి కూడా తప్పదా?"

నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య గురించి అడిగితే ఏడ్చేదాన్నేమో, నా చెయ్యి గురించి అడిగింది. "తప్పదు. నాన్నని తీసుకుపోయింది కూడా ఇదే. ఇష్టం లేదని కళ్ళు మూసుకుంటే పోతుందా?" అన్నాను.

వదిన అట్నుంచి అటే వెళ్ళిపోయింది. ఆవిడ కోసం పెట్టిన కాఫీ పొయ్యి మీద పొంగిపోయింది. అంతా విన్న మా ఆయన, నువ్వు గదిలో మౌనంగా ఉండి ఇంట్లో మాట్లాడే బదులు అటుదిటు చేస్తే బాగుండేదన్నాడు.

రెండురోజుల తర్వాత అన్నయ్య తన తోలు ఏప్రన్ కొలిమిలోనే ఉండిపోయిందని, తెచ్చి ఇంట్లో పడెయ్యమని నన్ను అడిగాడు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న గదిలోకి తను వెళ్ళలేకపోయాడు. మధ్యాహ్నం భోజనాల వేళ నేనే వెళ్ళాను. ఎనిమిది కొలుములు చల్లారిపోయి బూడిద పట్టి ఉన్నాయి. చివర్న ఒక్క నిప్పు వెలుగుతోంది. దాని ముందు పుర్రచేతాయన ఒక్కడే సుత్తి వేస్తున్నాడు. ఆయన దాగలి మాత్రం మిగతావాటికి ఎదురుతిరిగి ఉంటుంది, నీళ్ళ తొట్టి కూడా అటుపక్క ఉంటుంది. ఇన్నేళ్ళూ అందరూ తనని అడ్డదిడ్డం మనిషని ఏడిపించారని, ఇప్పుడు కొలిమికి దిక్కు తనేనని, కొత్తగా ఎవరొచ్చినా దాగళ్ళన్నీ తనవైపు తిప్పుకోవాల్సిందేనని నవ్వాడు. ఆ నవ్వులో పస లేదు. నేను కూడా మర్యాదకు నవ్వి, ఏప్రన్ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాను.

గుమ్మంలో నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళి ఆయన్ని రెండు చేతులూ చాపమన్నాను. ఎడమచెయ్యి కుడిదానికి ఒకటిన్నర రెట్లు ఉంది.

"మీకు నేను ఏ చెయ్యి కొలిచాను?"

"ఇదిగో, ఇదే." కుడిచెయ్యి ఆడించాడు. "పట్టకారు పట్టుకోవడానికి తప్ప ఇది ఎందుకూ పనికిరాదు చెల్లెమ్మా."

ఏప్రన్ భుజం మీదే ఉండగా నా గదికి పరుగెత్తాను. యాభైకి దగ్గరపడ్డ మనిషి వరండాలో అలా పరుగెత్తితే జనం నిలబడి చూస్తారు, చూశారు. యంత్రంలో కొలిమివాళ్ళ బొమ్మలన్నీ మళ్ళీ తెరిచాను. ఏడాది క్రితం దాకా నేను నాళం వెడల్పు మిల్లీమీటర్లలో చేత్తో రాసేదాన్ని. కొత్త ప్రోగ్రాం వచ్చాక శాతం దానంతట అదే అచ్చయి వస్తోంది, మిల్లీమీటర్లు లోపలే ఉండిపోతున్నాయి. వాటిని చూడటం మానేశాను. ఇప్పుడు చూశాను. గుమాస్తాలకు మూడున్నర, నాలుగు. గోదాము వాళ్ళకు నాలుగు చిల్లర. కొలిమివాళ్ళకు ఐదు పాయింట్ ఒకటి, ఐదు పాయింట్ మూడు, మా అన్నయ్యకి ఐదు పాయింట్ నాలుగు. పుర్రచేతాయన కుడిచేతికి సరిగ్గా నాలుగు.

ముప్పై ఏళ్ళు సుత్తి వేసిన చేతికి రక్తం ఎక్కువ కావాలి. అడిగినంతా ఇచ్చి ఇచ్చి ఆ నాళం శాశ్వతంగా వెడల్పయిపోయింది. ఇరుకు సందులో నలుగురు ఎదురొస్తే గోడకు ఒరుగుతాం. పెద్ద రోడ్డు మీద అదే నలుగురు ఎదురొస్తే ఎవరమూ జరగం. అంత వెడల్పు నాళానికి నేను వదిలిన రక్తం ఉరవడిగానే అనిపించి ఉండదు. పైగా పెద్ద అంకెను కింద వేసి భాగిస్తే శాతం ఎలాగూ చిన్నదవుతుంది. నా చెయ్యి తప్పలేదు. నేను కొలిచిన చెయ్యి తప్పు.

డాక్టరుగారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళడం అదే మొదటిసారి. ఆవిడ నా భుజం మీది ఏప్రన్ వైపు, తర్వాత నా ముఖం వైపు చూశారు.

"మేడమ్, వీళ్ళందరికీ మనం సుత్తి పట్టే చెయ్యే కొలిచాం."

మిల్లీమీటర్ల కాగితం ముందు పెట్టి, రెండో చెయ్యి కూడా కొలవనివ్వమని అడిగాను. ఆవిడ దాన్ని మూడుసార్లు చదివి ఉంటారు. ఆటగాళ్ళ చేతుల్లో నాళాలు ఇలా పెరుగుతాయని చదువుకున్నారట, కొలిమివాళ్ళు ఆవిడకు తట్టలేదట. తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇది మీ అన్నయ్యగారి కోసం అడుగుతున్నారా, లెక్క కోసం అడుగుతున్నారా?"

"రెండింటికీ మేడమ్. అబద్ధం చెప్పను."

"అయితే బొమ్మ మీరు తియ్యండి. లెక్క మాత్రం మీ చేతిలో ఉండకూడదు."

ఇంకొకరైతే నాకు పౌరుషం వచ్చేది. ఆవిడ అన్నది న్యాయం. నేను తొమ్మిదిమందికీ రెండు చేతులూ తీయాలి. మందుల గది గుమాస్తా వాటికి పేర్లు తీసేసి, ఇష్టం వచ్చినట్టు కలిపేసి, అంకెలు వేయాలి. డాక్టరుగారు ఎవరి చెయ్యో తెలియకుండా ఒంటరిగా కూర్చుని కొలవాలి. పేర్ల కాగితం లెక్క పూర్తయ్యేదాకా గుమాస్తా బీరువాలో ఉండాలి.

ఎడమచెయ్యి కొలవాలంటే మంచం తిప్పాలి. గోడ అడ్డం. మంచం ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస డాక్టరుగారు పట్టుకుని, తను గీయించిన రంగు గీత దాటించి, తనే తోశారు. పరీక్షలకు మూడు పొద్దులు పట్టింది. మళ్ళీ ఖాళీ కడుపులు, మళ్ళీ తిమ్మిరెక్కిన చేతులు. జబ్బు లేదని తేలొచ్చని వాళ్ళకు నేను చెప్పలేదు, ఆశ పెట్టే హక్కు నాకు లేదనిపించింది. రెండో చెయ్యి కూడా చూడాలన్నానంతే. వసపిట్ట మాత్రం, చేతులయ్యాక కాళ్ళ వంతు ఎప్పుడని అడిగాడు.

అన్నయ్య ఎడమచెయ్యి చాపాడు. మోచేతి దగ్గర నిప్పురవ్వలు పడిన పాత మచ్చలు. పట్టీలో గాలి ఎక్కించాను. ఆ ఐదు నిమిషాలూ వాడు నావైపు చూడలేదు. నేను నా చేతిని మాత్రమే చూసుకున్నాను. మణికట్టు నుంచి కిందికి కదలిక లేదు. గాలి వదిలాక తెరమీద నాళం వెడల్పవుతోందో లేదో కంటికి తెలిసే తేడా కాదది. అర మిల్లీమీటరులో సగం. ఎంత కళ్ళు చించుకున్నా నాకేమీ తెలియలేదు.

డాక్టరుగారు పద్దెనిమిది బొమ్మలూ కొలవడానికి రెండురోజులు తీసుకున్నారు. మూడోరోజు పదకొండు గంటలకు నన్ను పిలిచారు. గుమాస్తా పేర్ల కవరు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఇంకా కవరు తెరవలేదు.

"తొమ్మిది చేతుల్లో నాళం బాగా వెడల్పుగా ఉంది, స్పందన తక్కువ. అవి సుత్తి పట్టే చేతులే అయితే మీరు చెప్పిందే నిజం. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది చక్కగా ఉన్నాయి. ఒకటి బాగోలేదు."

అంటే ఒక మనిషికి రెండు చేతులూ బాగోలేవు. సుత్తితో సంబంధం లేని చెయ్యి కూడా మొద్దుబారిందంటే అది అసలు సిసలు హెచ్చరికే. తొమ్మిదిమందిలో ఒక్కరు. డాక్టరుగారు కవరు చింపుతున్నంతసేపూ నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ ఒక్కరూ ఎవరైనా ఫరవాలేదు, మా అన్నయ్య కాకపోతే చాలనుకున్నాను. మిగతా ఎనిమిదిమందీ నన్ను అక్కా అనో చెల్లెమ్మా అనో పిలిచేవాళ్ళే. అయినా అలాగే అనుకున్నాను.

ఆవిడ వేలు కాగితం మీద కిందికి దిగుతూ వచ్చింది. మా అన్నయ్య ఎడమచెయ్యి ఏడు పాయింట్ ఒకటి. పుర్రచేతాయనకి కుడి ఏడున్నర, ఎడమ మూడు పాయింట్ ఎనిమిది, మిగతావాళ్ళ లెక్క అద్దంలో చూసినట్టు తిరగబడి. వెడల్పుగా ఉన్న తొమ్మిది చేతులూ సుత్తి పట్టేవే. రెండు చేతులూ బాగోలేనివాడు వసపిట్ట.

కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చోబోయాను, గుమాస్తా ముందుకు తోశాడు కాబట్టి సరిపోయింది. సంతోషంతో ఏడ్చాను, ఆ వెంటనే వసపిట్ట గుర్తొచ్చి ఇంకో రకంగా ఏడ్చాను. డాక్టరుగారు నీళ్ళు ఇచ్చి, అతనికి ఇంకా నొప్పి రాలేదని, గుండెకు దెబ్బ తగల్లేదని, చాలా ముందే దొరికాడని అన్నారు. మందులు వేసుకుంటూ, పొగాకు మానేసి, రోజూ నడిస్తే ఈ అంకె పెరిగే అవకాశం ఉందన్నారు. తొమ్మిదిమందినీ ఒకే గాటన కట్టేసి ఉంటే అతని అసలు జబ్బు కొలిమి పొగలో కలిసిపోయేదని, ఎవరూ విడిగా చూసేవాళ్ళు కాదని కూడా ఆవిడే అన్నారు. అప్పుడు నాకు గుండె నిబ్బరం వచ్చింది. ఒకే పరీక్ష ఏడుగురిని విడిపించింది, ఒకణ్ణి కాపాడింది. అది నా పరీక్ష.

సాయంత్రం వదినకి ముందు చెప్పాను. క్షమించమని కూడా అడిగాను, నా జీవితంలో అది మూడోసారో నాలుగోసారో. వదిన రెండు చేతులతో నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. అన్నయ్య మాత్రం నమ్మలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. తను బాధపడుతున్నాడని నేనే కల్పించానేమోనని అడిగాడు. ఆ లెక్క కొలబద్దదిరా, నాది కాదు, నీ మీద జాలిపడి ఆవిడ అంకెలు మారుస్తుందా అన్నాను. దానికి నమ్మాడు. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు.

సోమవారం పొద్దున్న డాక్టరుగారు స్వయంగా కొలిమికి వచ్చారు. ఆ గడప ఆవిడ అంతకుముందు తొక్కి ఎరుగరు. తొమ్మిదిమందీ వరసగా నిలబడ్డారు. ఆవిడ గొంతు పెద్దది కాదు, నిప్పుకు గాలి ఊదే తిత్తులు ఆపించి మాట్లాడారు.

"తప్పు మీ చేతుల్లో లేదు. నేను రాసిన కాగితంలో ఉంది. ఇకనుంచి మీకు సుత్తి పట్టని చెయ్యి కొలుస్తాం. మీరు పోగొట్టుకున్న రోజులకి నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను."

కొలిమివాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పుర్రచేతాయన మాత్రం, ఇన్నాళ్ళు కుడివాళ్ళ కోసం రాసిన కాగితమే కదమ్మా, మా ఎడమచేతివాళ్ళకు అలవాటేనన్నాడు. ఆవిడ నవ్వారు. ఆవిడ పళ్ళు నేను చూడటం అదే మొదలు.

వసపిట్ట చేతిలో వేరే కాగితం ఉంది. ఆరు నెలలు పెట్టెల గది, మందులు, తర్వాత మళ్ళీ పరీక్ష. అతని నోటినుంచి మాట రావడం లేదు. అన్నయ్య అతని దగ్గరికి వెళ్ళాడు. నలుగురిలో సముదాయించడం వాడికి చేతకాదు, తిట్టడమే వచ్చు. అందుకే దగ్గరగా నిలబడి చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నేను ఇరవైమూడు రోజులు రోగినై బతికాను. ఆ బతుకెలా ఉంటుందో తెలుసు. భయపడొద్దని చెప్పను. రోజూ సాయంత్రం నాతో నడవడానికి రా. నీ దాగలి ఎవరికీ ఇవ్వను."

వసపిట్ట తలూపాడు. కాసేపటికి, మేస్త్రీ పక్కన నడిస్తే ఇన్ని తిట్లకు గుండె ఎలా బాగుపడుతుందని గొణిగాడు. ముందుగా అన్నయ్యే నవ్వాడు, తర్వాత అందరూ.

తిత్తులు మళ్ళీ మొదలయ్యాయి. అన్నయ్య ఏప్రన్ కట్టుకున్నాడు. సుత్తి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. అంకె ఎంత చెప్పినా నాన్న పడిపోయిన చోటు అదే. ఎర్రగా కాలిన ఉక్కుముక్క దాగలి మీదికి వచ్చింది. వాడు కొట్టాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. ఎక్కడా ఆగలేదు, నాడి చూసుకోలేదు. మెడ మీద చెమట పట్టింది, ముఖం మీద ఇరవై రోజుల వార్ధక్యం నా కళ్ళ ముందే దిగిపోయింది. పక్కనున్న ఏడు దాగళ్ళూ ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. నా చెవులు గింగురుమన్నాయి. నేను వెక్కివెక్కి ఏడుస్తున్నా ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

అన్నయ్య ఆ ఉలిని నీళ్ళలో ముంచి తీసి, వెలుతురులో పెట్టి అంచు చూశాడు. వంకర వచ్చింది. ఇన్నాళ్ళు పని లేక చెయ్యి పాడైందని, ఇది ఉలి కాదు అట్లకాడని, దీన్ని చేసినవాణ్ణి పెట్టెల గదిలోనే ఉంచాల్సిందని తనని తనే నానా తిట్లూ తిట్టుకుని, తిరిగి నిప్పుల్లోకి విసిరేశాడు. మళ్ళీ సుత్తి ఎత్తాడు.